మూడేసి మాటలు

మాస్టారి చెవికీ నోటికీ మధ్య బుర్ర అడ్డం రాదని ఆ నాటకశాలలో అందరికీ తెలుసు. ఆ మాట అన్నది ఇంకెవరో కాదు, మాస్టారే.

"డైలాగులు బట్టీ పట్టే ఖర్మ నాకేమిటి? పక్కన గుసగుసమ్మ ఉంది. అది చెవిలో పోస్తుంది, నేను నోట్లోంచి వదుల్తాను. మధ్యలో బుర్రకి సెలవు!" అని ప్రతి ఏడూ రిహార్సల్లో అనేవాడు. పిల్లలు ప్రతి ఏడూ నవ్వేవారు.

గుసగుసమ్మ అంటే ప్రాంప్టరు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. సముద్రం ఒడ్డునున్న ఆ యూనివర్సిటీ నాటకశాలలో తెరకు కుడిపక్కన, చిన్న బల్లదీపం ముందు ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. ఒట్టి భయస్తురాలు. ఒకటి పోతే ఒకటి ఉండాలని రెండు కళ్లజోళ్లు, రెండు టార్చిలైట్లు తెచ్చుకునేది. ఉప్పుగాలికి కాగితాలు చెమ్మగిల్లి అంటుకుంటాయని పేజీకీ పేజీకీ మధ్య పలచటి గుడ్డముక్క పెట్టుకునేది.

మాస్టారికి మాట ఎలా అందించాలో ఆమెకొక్కదానికే తెలుసు. మూడేసి మాటలు. ఎక్కువైతే తడబడతాడు, తక్కువైతే ఊపిరి మిగిలిపోతుంది. మాట కావాలంటే చేతికర్రతో నేలమీద రెండుసార్లు తడతాడు. ఆమె మూడు మాటలు అందిస్తుంది. అవేమిటో ఆయనకు తెలిసేది, తన నోట తాను విన్నాకే.

కళా వారోత్సవాల ఆఖరి రోజు సాయంత్రం ఏటా ఆడేది ఒకటే నాటకం, దీపస్తంభం కాపలాదారు కథ. అచ్చు పుస్తకం అట్టమీద రచయితగా మాస్టారి పేరుంది. వేషమూ ఆయనదే. ఆ నాటకంతోనే ఆయన అంతవాడయ్యాడు. ఈ ఏడు తెర పడగానే నాటకశాలకే ఆయన పేరు పెట్టబోతున్నారు. గుమ్మం పక్కన పలక బిగించి, దానిమీద గుడ్డ కప్పారు.

ఆ నాటకం గుసగుసమ్మ అక్కది.

ముప్పై ఏళ్ల కిందట ఆ నాటకశాల వెనక గదిలో అక్క వేషాలకు బట్టలు కుట్టేది. చెల్లెలు ఊడ్చేది, టీ కాచేది. ఒకరోజు అక్క అచ్చు పుస్తకం తెచ్చి మిషను మీద పడేసింది.

"చదివి చెప్తానంటే నా కాగితాలు ఇచ్చానే ఆయనకి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. చూడు, ఒక్క ముక్క మారలేదు."

చెల్లెలికి అప్పటికి అక్షరం రాదు. భయపడటం మాత్రం బాగా వచ్చు. "ఆయన అంత చదువుకున్నాయన అక్కా. నువ్వేమో సూదీ దారం. ఎవరు నమ్ముతారు?"

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ఊళ్లోవాళ్ల సంగతి వదిలెయ్. నువ్వు నమ్ముతావా?"

చెల్లెలు టీ పొంగిపోతుందని అవతలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే అక్క బస్సెక్కి వెళ్లిపోయింది. చెల్లెలు బస్టాండు దాకా కూడా వెళ్లలేదు. మాస్టారి రిహార్సల్‌కి టీ అందించాలి మరి. ఆ తర్వాత అక్క దగ్గర్నించి ఉత్తరాలు వచ్చేవి. వాటిని పరాయివాళ్లచేత చదివించుకోవడానికి సిగ్గేసి, నటుల నోటి మాటనూ స్క్రిప్టు మీది అక్షరాన్నీ జతకలుపుకుంటూ తనంతట తానే చదువు నేర్చుకుంది. వచ్చాక పాత ఉత్తరాలన్నీ మళ్లీ చదివింది. ఒక్కదాంట్లోనూ నాటకం ఊసు లేదు. నువ్వు నమ్మావా అని మళ్లీ అడగనూ లేదు. ఒకనాడు వేరే చేతిరాతతో కార్డు వచ్చింది. అక్క పోయింది.

నిజం తేల్చుకోవడానికి కూడా భయపడుతూ ఆ మాటల్నే ఏటేటా మాస్టారి చెవిలో పోస్తూ వచ్చింది గుసగుసమ్మ.

పలక పెడుతున్నారు కదా అని వెనక గదికి సున్నం వేయించమన్నది మాస్టారే. "ఆ డొక్కు మిషను అవతల పారేయించు అమ్మాయ్" అన్నాడు. ఈ వయసులోనూ ఆమె ఆయనకు అమ్మాయే. మిషను సొరుగు లాగితే రాలేదు. గట్టిగా లాగితే, వెనక ఇరుక్కున్న కొలతల పుస్తకం ఊడి పడింది.

ఎడమ పేజీల్లో కొలతలు. కుడి పేజీల్లో నాటకం. కొట్టివేతలు, బాణం గుర్తులు, కాపలాదారు మొదట్లో పడవ బాగుచేసే మనిషై ఉండి తర్వాత మారడం, అన్నీ అక్క చేతిరాతలో ఉన్నాయి. ఒకచోట ఎడమవైపు, "మాస్టారు, ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై రెండు." పక్కన తేదీ. అచ్చు పుస్తకం రావడానికి రెండేళ్ల ముందుది.

ఇప్పుడు ఆయన నడుము నలభై నాలుగు. అక్క మాటలు తిని పెరిగిన ఒళ్లు.

గుసగుసమ్మ ఏడవలేదు. పుస్తకంలో ఖాళీగా ఉన్న ఆఖరి పేజీ మీద మూడేసి మాటల చొప్పున ఆరు వరసలు రాసుకుంది. ఆ వారమంతా రిహార్సల్లో ఒక్క తప్పు రాకుండా మాట అందించింది.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఆఖరి ఘట్టంలో కాపలాదారు ముందుకొచ్చి జనంతో మాట్లాడాలి. మాస్టారు వచ్చి నిలబడ్డాడు. కర్ర రెండుసార్లు తట్టాడు.

గుసగుసమ్మ అచ్చు పుస్తకం మూసి, కొలతల పుస్తకం తెరిచింది.

"ఇక్కడ మీరు విన్న..."

"ఇక్కడ మీరు విన్న!" అన్నాడు మాస్టారు, గంభీరంగా.

"ఒక్క మాట కూడా..."

"ఒక్క మాట కూడా!"

"నేను రాసింది కాదు."

"నేను రాసింది కాదు!" అని చేయి కూడా చాచాడు.

చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది. అప్పుడు విన్నాడు. కర్ర తట్టాడు.

"వెనక గదిలో కూర్చుని..."

మాస్టారు ఆ మాట పలకలేదు. మళ్లీ తట్టాడు. మళ్లీ అదే మాట. ఇంకోసారి తట్టాడు. అదే. ఆయన దగ్గర వేరే మాటలు లేవు, ఏనాడూ లేవు. కూతురి వేషంలో ఉన్న విద్యార్థిని పాపం సాయం చేద్దామనుకుని, "మాస్టారూ, వెనక గదిలో కూర్చుని అంటోంది మామ్మ" అంది. ముందు వరసలో నవ్వులు లేచాయి.

ముందెక్కడో అసలు నాటకం దొరుకుతుందని ఆశపడ్డాడేమో. "వెనక గదిలో కూర్చుని" అన్నాడు.

"బట్టలు కుట్టిన మనిషి..."

"బట్టలు కుట్టిన... మనిషి..."

"రాస్తే నేను దొంగిలించాను."

"రాస్తే నేను..." అని ఆగిపోయాడు.

గుసగుసమ్మ లేచి నిలబడింది. "దొంగిలించాను!" అంది. ఆ నాటకశాలలో ఆమె గొంతు హాలు చివరి దాకా వినబడటం అదే మొదలు.

తెర దించారు. ఉత్సవాల బాధ్యత చూసే మేడం మెట్లెక్కి వచ్చింది. వచ్చేలోపు మాస్టారు గుసగుసమ్మ దగ్గరికొచ్చి పళ్లు బిగించి అన్నాడు. "అమ్మాయ్, పోయినదాని కోసం ఉన్నవాణ్ని చంపుతావుటే?"

"అక్కని ఆ బస్సు మీరెక్కించారు మాస్టారూ. నేను టీ కాస్తూ కూర్చున్నాను. నా పాపం నేను పడతాను. మీది మీరు పడండి."

మేడం ఇద్దరినీ చూసింది. "మాస్టారూ, బయట అంతా అడుగుతున్నారు. ఆ మాట నాటకంలోదా, నిజమా?"

మాస్టారు అలవాటుకొద్దీ కుడివైపు, ప్రాంప్టరు కుర్చీ వైపు తిరిగాడు. కర్ర రెండుసార్లు తట్టాడు.

గుసగుసమ్మ పుస్తకం మూసింది. "నా పని అయిపోయింది. మీ సొంత మాట ఏదన్నా ఉంటే చెప్పండి."

ఆయన "నాకు... గుర్తు రావట్లేదు" అన్నాడు.

మేడం పుస్తకం కోసం చేయి చాచింది. గుసగుసమ్మ ఇవ్వలేదు. కాగితాలు ఒకసారి చేయి దాటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఇక్కడే కూర్చుని చదవండమ్మా. పేజీలు నేను తిప్పుతాను. ముందు ఆ గుమ్మం పక్కన పలక ఊడదీయమని చెప్పి రండి" అని, బల్లదీపం దగ్గరికి రెండో కుర్చీ లాగింది.