భద్రంగా పెట్టుకోండి

మండలాఫీసు గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఒక మూల కుర్చీ నాది. పేరు నిజాముద్దీన్, వయసు డెబ్బై మూడు. ఉర్దూ కాగితాలు చదివిపెట్టడం నా పని. నిజాం కాలపు పాత రికార్డులు చదవగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ముగ్గురో నలుగురో మిగిలారు. అందులో ఒకాయనకు చూపు లేదు. అందుకే నాకు కాస్త పొగరు. లేకపోతే నేనెవణ్ణి? తాలూకాఫీసులో అటెండరుగా చేరి గుమాస్తాగా దిగిపోయినవాణ్ణి.

ఆ పొగరుతోనే పన్నెండేళ్ల కిందట ఒక వెధవ పని చేశాను. అది చెప్పుకుందామనే ఈ గొడవంతా.

ఆ రోజు జుమ్మా, శుక్రవారం. నమాజుకు లేస్తున్నాను. పక్క ఊరి రైతు కురుమయ్య తన తండ్రి నాగన్నను పట్టుకుని షాపులోకి వచ్చాడు. ముసలాయన చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా, దాంట్లో ఎర్రగుడ్డలో చుట్టిన కాగితం. నాగన్న తండ్రి బాలయ్య కాలం నాటిది. పసుపు కుంకుమ పూసి, దసరా దసరాకు పూజ చేస్తున్నారట.

"మా నాలుగెకరాల పట్టా గిదే గద సాబ్?" అన్నాడు ముసలాయన.

చూశాను. షికస్తా రాత. మన గొలుసుకట్టు లాంటిది, అక్షరం మీద అక్షరం ఎక్కి కూర్చుంటుంది. సర్కారు ముద్ర, అదే మోహరు, కనిపించింది, ఊరి పేరు, బాలయ్య పేరు కనిపించాయి. తక్కినది చదవాలంటే అరగంట కూర్చోవాలి. రేపు రండి అంటే నాకు చదవడం రాదనుకుంటారేమోనని నామోషీ. "మంచి కాయిదమే. సర్కారు మోహరున్నది. భద్రంగ పెట్టుకోండి" అనేశాను. నాగన్న వంగి నా కాళ్లు మొక్కాడు. నేను నమాజుకు పోయాను. అల్లా ఆ నమాజును ఏం చేసుకున్నాడో నాకు తెలియదు.

ఆ తర్వాత నాగన్న పోయాడు. కొత్త పాసుబుక్కులు వచ్చినప్పుడు ఊరంతా ఆఫీసుల చుట్టూ తిరిగి పేర్లు ఎక్కించుకుంది. కురుమయ్య మాత్రం కదల్లేదు. మాకు పాత పట్టా ఉన్నది, మాకేంది పరేషాను అన్నాడట. తీరా చూస్తే ఆ నాలుగెకరాలు సర్కారు భూమిగా ఎక్కాయి.

మొన్న ఫిబ్రవరిలో ఆ నాలుగెకరాల చెలకలో గోదాములు కడతామని వచ్చి హద్దురాళ్లు పాతారు. పల్లీ చేను పీకడానికి ఇంకా పదిరోజులుంది. కురుమయ్య ఆరు రాళ్లూ పీకి బండ్లబాటలో పారేశాడు. పదిమందిని పోగేసి గట్టు మీద కూర్చున్నాడు. మూడోరోజుకు నోటీసు వచ్చింది, సోమవారం పదకొండింటికి ఇక గొడవ చేయనని తహసీల్దారు ముందు బైండోవరు కావాలని.

శనివారం పొద్దున భార్య తిరుపతమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. నవ్వుతున్నాడు కూడా. నన్ను చిచ్చా అంటాడు, చిన్నాయన అని.

"బైండోవరంట చిచ్చా! నేనేమన్న గూండానా, రౌడీనా? పాత కాయిదం ఉంటే తెమ్మన్నది తాసిల్దారు మేడం. నువ్వే సదివి చెప్పాలె."

అదే డబ్బా. అదే ఎర్రగుడ్డ. ఈసారి కళ్లద్దాలు తుడుచుకుని నింపాదిగా చదివాను.

అది పట్టా కాదు. ముచ్చిలిక. ఇకమీద ఇలా చేయను అని సర్కారుకు రాసిచ్చే హామీ. అందులో భూమి మాట ఒక్కటీ లేదు.

చెప్పొద్దూ? చెప్పలేదు. తిరుపతమ్మ నా నోటి వంకే చూస్తోంది. "సోమవారం ఆఫీసుల్నే సదువుత తీయ్" అన్నాను. ఇంటికి పోతే నా భార్య గౌసియాబీ ముఖం చూసే పసిగట్టింది. సంగతంతా విని, "అప్పుడు సదవక ముంచినవ్, ఇప్పుడు సదివి ముంచుతున్నవ్. సిగ్గున్నదా నీకు?" అంది. లేదనే చెప్పాలి.

సోమవారం నాడు రెండు ఆటోల నిండా జనం దిగారు. చిచ్చా చదువుతాడు, మన భూమి మనకొస్తుంది అని కురుమయ్య ఊరంతా చెప్పుకున్నాడు మరి. నా రెండు రోజుల పిరికితనం వాళ్లకు రెండు రోజుల పండగైంది.

తహసీల్దారు మేడం చిన్నపిల్ల, మా మనవరాలి ఈడు. మర్యాద తెలిసిన మనిషి. నాకు కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, "చదవండి పెద్దాయనా" అంది. ఆ గదిలో ఉర్దూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది పట్టాయేనని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. "చదివింది రాసి కింద మీ సంతకం పెట్టండి" అంది మేడం. దాంతో నా నాలుక మడత పడింది. నిజాయితీ అనుకునేరు, వట్టి భయం.

చదివాను.

"పదమూడు వందల యాభై రెండు ఫసలీ, అంటే మన లెక్కన పందొమ్మిది వందల నలభై రెండు. నేను, బాలయ్య, సర్కారు హుకుం ప్రకారం రాసిచ్చిన ముచ్చిలిక ఏమనగా, నేను వెట్టికి రానని ఇకమీదట అనను. జనాన్ని పోగుచేయను. పటేలు అనుమతి లేక ఊరు దాటను. ఏడాదిపాటు శాంతంగా ఉంటాను. తప్పితే జరిమానాకు, ఖైదుకు బద్ధుణ్ణి. బాలయ్య వేలిముద్ర."

కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. మేడం బల్ల మీద కురుమయ్య కోసం సిద్ధం చేసిన కాగితం ఉంది, తెలుగులో. ఆమె దాన్ని, నేను చదివిన కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఈ బైండోవరు తెల్లవాళ్లు రాసుకున్న సెక్షనే" అంది. "మనిషి తప్పు చేశాక వేసే శిక్ష కాదు, చేస్తాడేమోనని ముందే రాయించుకునేది. నిజాం సర్కారు కూడా అదే పద్ధతి పట్టుకుంది. మనకిప్పుడు నంబరు మారింది, అంతే. గ్రూప్స్‌కి చదివేటప్పుడు దీనికి వ్యతిరేకంగా పెద్ద వ్యాసం రాశానండీ నేను." అని, పెన్ను కురుమయ్య వైపు జరిపింది. "నేను చేయకపోతే నా కుర్చీలో ఇంకొకరు చేస్తారు. సంతకం పెట్టండి."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏ ముఖం పెట్టుకుని అరవను?

కురుమయ్య పెన్ను ముట్టుకోలేదు. నా వైపు తిరిగాడు. "మా తాత ఏం జేసిండని గిట్ల రాయించుకున్నరు చిచ్చా?"

"వెట్టికి రానన్నడు."

"రానన్నడా?" కళ్లు ఒక్కసారి మెరిశాయి. "దొర ముంగట నిలవడి అన్నడా?"

"అన్నట్టే ఉన్నది."

"మరి ఏలు పెట్టిండా?"

"పెట్టిండు."

ఆ మెరుపు ఎలా వచ్చిందో అలాగే పోయింది. "పెట్టకపోతే?" అని మేడంను అడిగాడు. జైలుకు పంపాల్సి వస్తుందని ఆమె నెమ్మదిగానే చెప్పింది. భూమి సంగతి కోర్టులో చూసుకోమంది. గోదాము పని గురువారం మొదలవుతుందని కూడా చెప్పింది.

తిరుపతమ్మ మొగుడి భుజం మీద చెయ్యేసింది. "పెట్టయ్యా. నువ్వు గూడ లేకుంటే నేనేం జెయ్యాలె?"

వాళ్ల వంశంలో సంతకం నేర్చిన మొదటివాడు కురుమయ్యే. వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టాడు.

బయటికొచ్చాక ఆటోలు రెండూ లేవు. జనం వెళ్లిపోయారు. మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పేశాను. ఆ రోజు జుమ్మా అని, చదవకుండానే అన్నానని, తప్పు నాదేనని. కురుమయ్య తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకున్నా బాగుండేది. "మా నాయిన సచ్చేటప్పుడు నిశ్చింతగ పోయిండు చిచ్చా" అని బస్సు వైపు నడిచాడు.

తిరుపతమ్మ మెట్టు మీద కూర్చుని రేకు డబ్బా తెరిచింది. మామ తండ్రి కాగితాన్ని ఎర్రగుడ్డలో పెట్టింది. మొగుడి కాగితం నకలు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"సాబ్, గిది గూడ భద్రంగ పెట్టుకోమంటవా?"

వెటకారమేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కాదు. చదువొచ్చినవాణ్ణని నిజంగానే అడుగుతోంది.

బైండోవరు ఏడాదిపాటు. ఈలోపు ఏ పోలీసు పట్టుకున్నా ముందు అడిగేది ఆ కాగితమే.

"పెట్టుకో బిడ్డా" అన్నాను.