తువ్వాలు కింద చెయ్యి

పశువుల సంతలో కల్లప్ప ఒక ఎద్దు పెదవి ఎత్తి పళ్లు లెక్కపెట్టాడు. ఆరు. మెడ తడిమి, నాలుగడుగులు నడిపించి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల ఎద్దులతో ఊళ్లోవాళ్ల చేలు దున్నాడు. తన కోసం ఎద్దును చూడటం ఇదే మొదలు. పక్కింటి ఒంటెద్దుకు ఇది జత కలిస్తే, కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో జొన్న వేసుకోవచ్చు. నడుముకు కట్టుకున్నది ముప్పై రెండు వేలు. అంతకు మించి లేదు.

"ఏమప్పా, కొంటావా, పెళ్లాడతావా?" అన్నాడు ఎద్దుల వ్యాపారి గురుసిద్దప్ప. డెబ్బై ఏళ్లవాడు. పొద్దుటి చల్లదనంలోనూ అతని ముఖమంతా చెమట.

"నీ మాట కంటే దీని నడకే నయం కాకా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గురుసిద్దప్ప ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాడు. ఆ సంతలో ధర పైకి చెప్పరు. ఎదుటివాడి వేళ్లు పట్టి చెప్తారు: మొదట పట్టినన్ని పదివేలు, తర్వాత పట్టినన్ని వేలు. బేరం కుదిరితే అమ్మేవాడు తువ్వాలు లాగి భుజాన వేసుకుంటాడు. ముందు చెయ్యి తీసినవాడు బేరం వదులుకున్నట్టు.

ముసలాయన మూడు వేళ్లు పట్టాడు, తర్వాత అయిదు. కల్లప్ప మూడు, రెండు. ముసలాయన మూడు, నాలుగు. కల్లప్ప మళ్లీ మూడు, రెండు.

ఉన్నట్టుండి ముసలాయన కల్లప్ప రెండు వేళ్లనూ కణుపులు విరిగేలా పిసికాడు. ఒప్పుకున్నాడనుకున్నాడు కల్లప్ప. తువ్వాలు లేస్తుందని చూశాడు. లేవలేదు. చేతిలోని చెయ్యి మెత్తబడింది. బేరం పోతుందని కల్లప్ప తన చెయ్యి తీయలేదు.

ముసలాయన నుదురు ఎద్దు మూపురానికి ఆనింది.

"కాకా నిద్రపోయాడ్రా!" ఎవరో అరిచారు. మళ్లీ నవ్వులు.

ఎద్దు పక్కకు జరిగింది. గురుసిద్దప్ప మోకాళ్ల మీద కూలి, అలాగే ఒరిగిపోయాడు. కల్లప్ప ఇంకా ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

అవతల వేరే ఎద్దు దగ్గరున్న ముసలాయన కొడుకు చన్నవీర పరుగున వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే కూర్చుండిపోయాడు. చాలాసేపటికి శవాన్ని బండెక్కించారు. బండి కదలబోతుంటే చన్నవీర కల్లప్ప వైపు తిరిగాడు.

"ధర తెగిందా అన్నా? లోపల ఏమైందో నీకే తెలుసు. తెగితే ఎద్దును తోలుకుపో."

కల్లప్ప తన చెయ్యి చూసుకున్నాడు. రెండు వేళ్లూ ఇంకా నొప్పి పెడుతున్నాయి.

"రెండు వేళ్లు పిసికాడు తమ్ముడూ. ఒప్పుకుని పిసికాడో, ప్రాణం పోతూ పిసికాడో... నాకు తెలీదు."

ఎద్దు పలుపుతాడు చన్నవీర చేతిలో పెట్టాడు. ఎద్దు బండి వెనకాల నడుచుకుంటూ పోయింది.

దాని గిట్టల గుర్తుల మధ్య గురుసిద్దప్ప తోలుచెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.