చైర్‌పర్సన్ పక్క కుర్చీ

నేను ఒక పక్క కుర్చీని. మున్సిపాలిటీలో చైర్‌పర్సన్ గారికి చక్రాలూ మెత్తలూ ఉన్న కుర్చీ వేరే ఉంది. దాని పక్కన, ఆవిడ గారి భర్త కోసం వేసిన చేతుల కుర్చీని నేను. ఊరు నడిచేది నా మీద నుంచే.

నన్ను చేసింది జైల్లో ఖైదీలు. ఎంతో ఓపిగ్గా చిత్రిక పట్టారు గానీ, ఒక్కరికీ నాలో కూర్చునే యోగం లేదు. తర్వాత పన్నుల ఇన్‌స్పెక్టరు నన్ను అరగదీసి స్టోరు గదిలో పడేయించాడు. దాలమ్మ చైర్‌పర్సన్ అయ్యాక ఆమె భర్త సూర్యారావు నన్ను దులిపించి తెప్పించుకున్నాడు.

"ఇక్కడెట్టు సంతకం," అనేవాడు కాగితం మీద వేలు పెట్టి. ఆమె చదవబోతే, "నీకెందుకే? నానున్నాను కదా!" అనేవాడు. దాలమ్మ సంతకం పెట్టేసేది.

ఆమె గెలిచింది ఊరు ఊడ్చేవాళ్లుండే పేట ఓట్లతో. అక్కడ ఒక్క కుళాయి లేదు. పైపులైను వేయిస్తానని వాళ్ల పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. కానీ ఆ పేటలో తిరిగే నీళ్ల ట్యాంకర్లు సూర్యారావువి. ఇంక పైపులైను ఎలా వస్తుంది?

ఒకరోజు ఆ పేట నుంచి గౌరి అనే పారిశుధ్య కార్మికురాలు చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. "అమ్మా, ట్యాంకరు నీళ్లు తాగి గుంటకి ఒకటే వాంతులు. ఒట్టేసినావు కదా!" అంటూ తూలిపోయింది. దాలమ్మ ఆమెను పట్టుకుని నాలో కూర్చోబెట్టింది. అంత తేలికైన మనుషుల్ని నేను అంతకుముందు మోయలేదు.

సూర్యారావు వచ్చి చూశాడు. గౌరిని లేపించి, ఆమె చూస్తుండగానే నన్ను ఫినాయిలుతో కడిగించాడు.

దాలమ్మ ముఖం మాడిపోయింది. "అప్పన్నా, ఈ కుర్చీ వరండాలో ఎట్టీ. వచ్చినోళ్లు కూకుంటారు," అంది బంట్రోతుతో. ఆ వారమే పైపులైనుకు తీర్మానం చేయించింది. కుర్చీ తీసేస్తే మనిషి పోతాడనుకుంది, పిచ్చి తల్లి.

దాలమ్మ మీద అవిశ్వాసం పెట్టే గడువు రాగానే సూర్యారావు కౌన్సిలర్లను బస్సెక్కించి సముద్రపు ఒడ్డు హోటల్లో మేపాడు. ఓటింగు రోజున తిన్నగా మీటింగు హాలు ముందు దించాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది దాలమ్మ తోటికోడలు ఈశ్వరమ్మ. పట్టుబట్టి ఆమెకు కౌన్సిలరు టికెట్టు ఇప్పించింది దాలమ్మే. ఇప్పుడు ఈశ్వరమ్మ చైర్‌పర్సన్. నేను మళ్లీ లోపలికొచ్చాను. బావగారి హోదాలో సూర్యారావు నాలో కూర్చున్నాడు.

మొన్న దాలమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"గౌరి గుంట పోయింది. ఆ పైపులైను మటుకు ఆపకండి. మీకు దండం ఎడతాను."

"వరండాలో కుర్చీ ఏయించినావు కదా, అక్కడ కూకో. పిలుస్తాం," అన్నాడు సూర్యారావు.

వరండాలో కుర్చీ లేదు. ఆమె వెళ్లి నిలబడింది.

వానాకాలం కదా, నా చెక్కలోంచి ఫినాయిలు వాసన ఇంకా వస్తోంది. సూర్యారావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పైపులైను రద్దు కాగితం ఈశ్వరమ్మ ముందుకు జరిపాడు. ఆమె పెట్టెలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని చదవబోయింది.

"నీకెందుకమ్మా? నానున్నాను కదా!"

ఈశ్వరమ్మ కళ్లద్దాలు పెట్టెలో పెట్టేసి, కలం అందుకుంది.