వెనక్కి తిరిగిన ఓడ

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక, కొల్లాపూర్ లైబ్రరీ నుంచి తెచ్చిన ఓడ నవల ముందేసుకుని కూర్చోవడం యమున అలవాటు. నిధి కోసం దీవికి బయలుదేరిన నావికుల కథ అది. పాతదే, ఊళ్ళో సగం మంది చదివిందే. అయినా ఎవరు చదివితే వాళ్ళకు కొత్తగా అచ్చవుతుంది. చదివినంత మేరకే అక్షరాలు, ఆ తర్వాత తెల్లకాగితం. నడుమ ఎక్కడో చదివేవాళ్ళ తాలూకు మనిషో వస్తువో ఎదురవుతుంది. పక్కింటి తాజ్‌బీకి తప్పిపోయిన మేక ఆ ఓడ మీదే కనబడింది, మూడోనాడు ఇల్లు చేరింది. సముద్రపు గాలికి బాగా ఒళ్ళు చేసిందని తాజ్‌బీ ఇప్పటికీ మురిసిపోతుంది.

యమునది పిరికి ప్రాణం. ఏ కథైనా చివరి పేజీ చూసుకున్నాకే మొదలుపెట్టే మనిషి. ఈ పుస్తకం దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

ఆ రోజు ఉన్నట్టుండి గాలి లేచింది. యమున మొగుడు కురుమూర్తి పొద్దున్నే పుట్టి వేసుకుని కృష్ణలో చేపలకు పోయాడు. ఫోన్ కలవడం లేదు. యమున రేవుకు పరుగెత్తబోయింది. తాజ్‌బీ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడ నిలబడి ఏం జేస్తవ్? ఏడిదాంక సదివినవ్?"

"తుఫాన్ల ఓడ ఉన్నది. దూరంగ ఏందో తేలుతున్నదంట."

"గదే సదువు. జర నిమ్మలంగ."

తేలుతున్నది గుండ్రటి పుట్టి. అందులో తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్న మనిషి. పొద్దున కురుమూర్తి చుట్టుకుపోయిన తువ్వాలే. కూడబలుక్కుంటూ చదివింది. నావికులు గొడవపడుతున్నారు. ఎదురుగా దీవి కనబడుతోంది, గాలి అటే వీస్తోంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్ళీ ఈ జన్మలో చేరలేరు. కెప్టెన్ ఆ మనిషి వైపు చాలాసేపు చూశాడు. అక్కడితో పేజీ అయిపోయింది.

"తిప్పు" అంది తాజ్‌బీ.

"చేతులాడ్తలేవక్కా."

తాజ్‌బీయే తిప్పింది. కెప్టెన్ చుక్కాని మళ్ళించాడు.

పొద్దుగూకే వేళకు కురుమూర్తి ఇంటికొచ్చాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. పుట్టి లేదు, వల లేదు. యమున అతని చొక్కా పట్టుకుని కరువుతీరా ఏడ్చింది. అన్నం పెడితే మాత్రం అతను కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఏమైంది? తింటలేవేంది?"

"దీవి దగ్గరికొచ్చింది యమునా. ఏండ్ల సంది దాని కోసమే తిరుగుతున్నరంట. నన్ను జూసి ఓడ మలిపిండ్రు. రేవు దాంక తెచ్చి దించిండ్రు."

యమునకు బతికొచ్చిన మొగుణ్ణి చూస్తే సంతోషం, ఆ నావికులను తలుచుకుంటే సిగ్గు.

"ఒక్కడు గూడ నన్ను ఒక్క మాట అనలే" అన్నాడు కురుమూర్తి.