బొంత రెండో కొస

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడకు బొంతలు కుట్టడం ఇరవై ఏళ్ల సరదా. ఆవిడా చెల్లెలూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఇద్దరూ పెళ్లి ఊసెత్తకుండానే నడివయసుకు వచ్చేశారు. బొంతకు అడుగు గుడ్డ, దూది పొర, పై గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత పడకుండా లాగి పట్టుకుని ముందు కచ్చా కుట్టు వేసుకోవాలి. రెండో కొస ఎప్పుడూ చెల్లెలే పట్టుకునేది. పట్టుకున్నంతసేపూ నడుం పడిపోతోందని సణిగేది.

నలభై ఆరో ఏట ఆ చెల్లెలికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కట్టుడు పళ్లు తయారుచేసే మనిషి, భార్య పోయి ఆరేళ్లయింది. నిదానస్థుడు. అక్క మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది. పెళ్లయిన మర్నాడు బాత్రూం కోసం తగువులాడే మనిషి లేక, అరగంట ముందే ఆసుపత్రికి చేరి, గది తాళం తీసేదాకా వరండాలో నిలబడింది.

కొత్త జంటకు పెద్ద బొంత కుట్టి ఇద్దామనుకుంది. ఇన్నాళ్లూ చతురస్రాలే కుట్టింది. ఈసారి వీడియోలు చూసి వంపు ముక్కలు మొదలుపెట్టింది. మొదటి పదీ బుంగమూతి పెట్టినట్టు ఉబ్బిపోయాయి. వంపు వెంట చిన్న చిన్న గాట్లు పెట్టి, మధ్యలోంచి రెండు వైపులకూ పిన్నులు గుచ్చుకుంటూ పోతే గానీ అవి దారికి రాలేదు.

ముక్కలన్నీ కలిశాక కచ్చా కుట్టు దగ్గర పని ఆగింది. చెల్లెలికి ఇవ్వబోయేదాన్ని చెల్లెలిచేతే పట్టించడం బాగుండదనుకుంది. పక్కింటి తలుపు దాకా వెళ్లింది కానీ, ఏమని అడగాలో తోచక తిరిగొచ్చేసింది. చివరికి ఒక అంచును బల్లకు క్లిప్పులతో బిగించి, రెండో అంచు తనే లాగి పట్టుకుని కుట్టింది.

మూడు నెలలు చేత్తో కుట్టి, పూర్తయ్యాక తిరగేసి చూస్తే అడుగున జానెడు ముడత కుట్టులో కలిసిపోయి ఉంది. విప్పి మళ్లీ కుట్టింది. ముడత పోయింది గానీ గీత మిగిలింది.

ఆదివారం బస్సెక్కి తీసుకెళ్లింది. మరిది బొంతను రెండు చేతులతో అందుకుని, "ఇంత పని మా వర్క్‌షాపులో కూడా ఉండదు వదినగారూ" అన్నాడు. చెల్లెలు దాన్ని మంచం మీద పరిచి, వంపుల మీద వేళ్లు పోనిచ్చి, అంచు ఎత్తి చూసింది. గీత దగ్గర వేలు ఆగింది.

"రెండో వైపు ఎవరు పట్టుకున్నారక్కా?"

"బల్ల."

చెల్లెలు అంచు దించేసింది. "పిలిస్తే రానా నేను? రాదులే అని నీకు నువ్వే అనేసుకుంటావు" అంది.

తర్వాతి బొంతకు అక్క పిలిచింది. చెల్లెలు వచ్చింది, పట్టుకుంది, నడుం నొప్పని సణిగింది, నాలుగింటికల్లా వెళ్లిపోయింది. ఆ మరుసటి దానికి చెల్లెలి రాక రెండు ఆదివారాలు వాయిదా పడింది. మూడో ఆదివారం మరిదికి జ్వరం. అక్క తప్పు పట్టలేదు. జ్వరం ఎలా ఉందని మాత్రం రోజూ కనుక్కుంది.

ఆ రోజుల్లోనే ఇంకో పద్ధతి నేర్చుకుంది. ఒక్కో చదరాన్నీ మూడు పొరలతో విడివిడిగా పూర్తిచేసి, చివర్లో పట్టీలతో కలుపుకోవడం. అన్నీ ఒళ్లో పట్టే ముక్కలే. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. మొదటి చదరం పూర్తయిన రోజు ఫోన్ చేసి చెల్లెలికి చెప్పింది.

"అయితే ఇక నేను రానక్కర్లేదన్నమాట" అంది చెల్లెలు. బరువు దింపుకున్నట్టుంది ఆ గొంతు.

"అక్కర్లేదు. హాయిగా ఉండు" అంది అక్క.

ఇద్దరూ ఇంకాసేపు దారం రంగుల గురించి మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక ఆవిడ రెండో చదరం ఒళ్లోకి తీసుకుంది గానీ, చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేదు.