మాణిక్యం నిలుచున్న గుమ్మం

ఆ వసారాకు చివర లేదు. నేను నడుస్తూనే ఉన్నాను. ఒకవైపు కిటికీలు, ఒకవైపు నీళ్లు. కిటికీలలో ముఖాలు లేని పాఠకులు వారపత్రికలు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్లు పేజీ తిప్పినప్పుడల్లా నీటి మీద ఒక అల లేస్తోంది, అది వచ్చి నా పాదాలను తాకి, ఏదో అడిగి, జవాబు వినకుండానే వెనక్కి పోతోంది. ఇది కాకినాడలో హైమవతి పిన్నిగారి ఇల్లని నాకు తెలుసు. ఇది కాకినాడ కాదని కూడా తెలుసు. ఆ రెండు తెలివిడులూ నాలో తగవు పడకుండా పక్కపక్కనే కూర్చున్నాయి.

పిన్నిగారు చలికాలంలో పోయారు. అదీ తెలుసు. అయినా ఆమె పేము కుర్చీలో కూర్చుని, ఒళ్లో రాతబల్ల పెట్టుకుని, నేను ఆలస్యంగా వచ్చినందుకు విసుక్కుంటున్నట్టు చూస్తున్నారు.

"వచ్చావా ఫణీ? కూర్చో. చదువు."

ఎప్పుడూ ఇంతే. ఆమె జీవితమంతా పత్రికలకు సీరియల్ నవలలు రాసి ఇల్లు నడిపిన మనిషి. నేను సభలో పద్యం చదవడానికి లేచి, కాగితం చాటున ముఖం దాచుకునే కుర్రవాణ్ణి. అలాంటి ఒక సభ ముగిశాక ఆమే నా దగ్గరకు వచ్చి, "పద్యం బాగుంది నాయనా. అందులో ఏడుస్తున్న ఆవిడ ఎవరు? ఏ వీధిలో ఉంటుంది?" అని అడిగారు. దానికి జవాబు వెతుక్కుంటూనే కథల్లోకి వచ్చాను. అప్పటినుంచి ఆమెను పిన్నిగారూ అని పిలుస్తూ, రాసిన ప్రతి పుటనూ ఆమెకు చదివి వినిపించాను. ఆమె కళ్లు మూసుకుని వినేవారు, నేను ఆమె కాలు చూస్తూ చదివేవాణ్ణి. వాక్యం వచనంలా నడిచినంతసేపు ఆ కాలు కదిలేది కాదు. నాలోని పాత పద్యం నిద్ర లేచి లయ పట్టిందంటే చాలు, కాలు తనంత తానే ఊగేది, అప్పుడు పిన్నిగారు ఒక కన్ను తెరిచి, "కాలు ఊగింది. కొట్టెయ్," అనేవారు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది నా కథ కాదు, ఆమె ఆఖరి నవల. మాణిక్యం అనే లేసు అల్లే మనిషి, మాట పట్టింపుతో అన్నగారికి దూరమై, తల నెరిశాక అతని గుమ్మం ముందుకు వచ్చి తలుపు తట్టింది. "తలుపు తీసిన పేర్రాజు ఆమెను చూసి" అన్నంతవరకు రాసి పిన్నిగారు లేచారు. మళ్లీ ఆ వాక్యం దగ్గరకు రాలేదు. మిగిలినది ఆమె పేరు మీదనే నన్ను పూర్తి చేయమన్నారు పత్రికవారు. ఈ సోమవారం దాటితే నవలను అక్కడే ఆపేస్తామన్నారు.

ఆ వాక్యం తర్వాత నేను రాసింది చదువుతున్నాను. తలుపు టేకు తలుపు, తాతల నాటి తలుపు, తుపానులకు తలవంచని తలుపు. పిన్నిగారి కాలు ఊగుతోంది. కాలితో పాటు కుర్చీ ఊగుతోంది, కుర్చీతో పాటు వసారా, వసారాతో పాటు కిటికీల నిండా పాఠకులు.

"ఏంట్రా ఇది?"

"తలుపు వర్ణన, పిన్నిగారూ."

"పేజీ నిండా తలుపేనా? వడ్రంగి పనిలో చేరావా ఏంటి? ఆ తీసినవాడు ఏమన్నాడో అది చదువు."

నేను గొంతు సవరించుకుంటున్నాను. "సోదరీ, నా హృదయ కవాటం నీకై ఏనాడూ మూసింది లేదు."

ఆమె నవ్వుతున్నారు. బతికి ఉండగా నవ్వినట్టే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా.

"పేర్రాజు కొబ్బరికాయల వర్తకుడురా! బస్తా లెక్క తేలకపోతే అమ్మనాబూతులు తిట్టేవాడు. వాడికి కవాటం ఎక్కడ దొరికింది, అంబాజీపేట సంతలోనా?"

"మరి ఏమంటాడు?"

"నాకేం తెలుసు?"

అలలు ఆగిపోతున్నాయి. ఆమె సొరుగులన్నీ, ఆమె పుస్తకాల అంచులన్నీ, ఆమె కూతురు నాకు పంపిన చిత్తు కాగితాలన్నీ ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ గాలించాను. ఆ మాట ఆమె దగ్గర కూడా లేదు.

"మీకు తెలిసే ఆపారనుకున్నాను."

"తెలిస్తే రాసేసేదాన్నిగా. రోజూ వాక్యం మధ్యలోనే లేచేదాన్ని, ఎరగవూ? మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చోవడానికి ఓ వంక ఉండాలి కదా. ఆ మర్నాడు రాలేదు. అంతకంటే ఏం లేదు, నువ్వు పెద్ద రహస్యం చేసుకోకు."

ఆమె కుర్చీ లోంచి లేచి నీటిలోకి దిగి నడుస్తున్నారు; నీరు కదలడం లేదు, ఆమె దాటి వెళ్లిన చోట బురదలో అడుగు పడటం లేదు. ఆమె వెంట నడుస్తున్న నా వెనక మాత్రం నీరు చిల్లులు పడినట్టు పెద్ద చప్పుడు చేస్తోంది. సన్నగా వాన మొదలవుతోంది. కొంత దూరంలో గోడలు లేని ఒక తలుపు నీటి మధ్య నిలబడి ఉంది. దాని ముందు నెరిసిన జుట్టుతో ఒక మనిషి, చంకలో గుడ్డసంచి, తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే.

"ఈయనేనాండీ ఆ రాసే ఆయన?" అని మాణిక్యం పిన్నిగారిని అడుగుతోంది.

"ఈయనే."

"ఎంతకాలం నించోబెడతారండీ బాబూ? కాళ్లు పీకేత్తన్నాయి. లోపలికి రమ్మనరు, పోనీ పొమ్మనరు. ఇంటి దూలాల గురించీ, గడియ గురించీ రాత్తారు గానీ, వాన పడతందని చూసుకోరేటండీ?"

నేను తల వంచుకుని నా కాగితాలకేసి చూస్తున్నాను.

"సిగ్గరిలే. తను రాసే మనుషులతో కూడా మాట్లాడడు," అంటున్నారు పిన్నిగారు.

"ఆయన సిగ్గుతో నాకేం పనండీ? తలుపు తీసేది మా అన్న కదా!"

పిన్నిగారు ఈసారి నవ్వడం లేదు. నా వైపు తిరిగి, రెండు కళ్లూ తెరిచి చూస్తున్నారు. వినేటప్పుడు ఆమె ఎన్నడూ అలా చూసి ఎరగను.

"ఫణీ, నిజం చెప్పు. చేతకాక తియ్యడం లేదా, తీస్తే అయిపోతుందని తియ్యడం లేదా?"

చెప్పవలసినది చాలా ఉంది, అంతా ఒక పద్యపాదంలో ఇమిడేంత చిన్నదిగానూ ఉంది. ఉదయం లేచి కాఫీ కలుపుకుని, బల్ల ముందు కూర్చుని, ఒక వాక్యం రాసి, ఆ వాక్యాన్ని గదికి చదివి వినిపిస్తున్నానని; గది వింటుంది గాని ఒక కన్ను తెరవదని; ఈ నవల ముగిసేదాకా ఆమె పని నా బల్ల మీద ఉంటుందని, ఆమె పని ఉన్నంతకాలం ఆమె పక్క గదిలోకి వెళ్లినట్టే ఉంటుందని.

"ఇది పంపేశాక, నేను ఎవరికి చదవను పిన్నిగారూ?"

ఆమె ఓదార్చడం లేదు. మాణిక్యం భుజం మీది తడిని తన కొంగుతో అద్దుతున్నారు.

"పోయినదాని కోసం వచ్చినదాన్ని వాకిట్లో నిలబెడతారట్రా ఎవరైనా?"

నేను తడుస్తున్న కాగితాలను చొక్కా లోపలికి దోపుకుంటున్నాను.

"నీ గదికి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

"అదీ సంగతి. తలుపు తీసినవాడు ఏమంటాడో నీకెలా తెలుస్తుంది మరి?"

వాన పెరుగుతోంది, కిటికీలలో పాఠకులు పత్రికలు నెత్తిన కప్పుకుంటున్నారు, అక్షరాలు కరిగి వాళ్ల చెంపల మీదుగా జారుతున్నాయి, నేను ఎప్పుడు దాటానో తెలియదు గాని తలుపుకు లోపలివైపు ఉన్నాను, నా చేతి కింద గడియ చల్లగా ఉంది, అవతల మాణిక్యం తడుతోంది, ఒకసారి మెల్లగా, మళ్లీ గట్టిగా, ఇంకా గట్టిగా. నేను వెనుదిరిగి చూస్తున్నాను, ఇంకొక్క మాట అడగాలని. అక్కడ వసారా లేదు, కుర్చీ లేదు. గొంతు మాత్రం ఉంది, పక్క గదిలోంచి వచ్చినట్టు.

"తియ్యరా!"

తలుపు చప్పుడు.

మధ్యాహ్నం. గుండెల మీద కాగితాలు పరచుకుని నిద్రపోయానన్నమాట. బయట నిజంగానే వాన కొడుతోంది, గదిలోకి చీకటి దిగింది, తలుపు నిజంగానే ఎవరో బాదుతున్నారు. తడుముకుంటూ వెళ్లి గడియ తీశాను.

కింది వాటాలో ఉండే మంగతాయారుగారు. మెట్ల మీద ఎదురైతే నేను గోడకు అతుక్కుని దారి ఇచ్చే ఆవిడ. డాబా మీద ఆరేసిన నా పంచెలూ చొక్కాలూ చేతి నిండా పోగేసుకుని, జుట్టు నుంచి నీళ్లు కారుతూ నిలబడి ఉన్నారు.

"అయ్యో, ముద్దగా తడిసిపోయారండీ. ముందు లోపలికి రండి."

ఆ మాట అన్నది నేనే. అనేముందు దాన్ని ఒకసారి కూడా మనసులో చదువుకోలేదు.

ఆవిడ ఒక క్షణం నన్ను తేరిపార చూశారు. "ఓరి బాబోయ్, మాట్లాడతారే మీరు! మా ఆయన మిమ్మల్ని మూగాయన అనుకుంటున్నారు," అంటూ ఒక కాలు లోపల పెట్టి, అంతలోనే వెనక్కి తీసుకున్నారు. "కింద తలుపు బార్లా వదిలేసి వచ్చానండీ, కుక్క దూరుతుంది. ఇవి దులిపి ఆరేసుకోండి ముందు." బట్టలు నా చేతుల్లో పడేసి, మెట్లు దడదడలాడించుకుంటూ దిగిపోయారు.

గదిలో మళ్లీ నేనొక్కణ్ణే. గుమ్మానికి ఇవతల, గచ్చు మీద, ఒకే ఒక తడి పాదముద్ర, ఐదు వేళ్లతో సహా పడి ఉంది. మడమ దగ్గర అప్పుడే ఆరడం మొదలైంది. తడి బట్టలు మంచం మీద వదిలి, దాన్ని తొక్కకుండా పక్కగా నడిచి, నేను కలం వెతుక్కుంటున్నాను.