కళ్లకు గంతలతో సర్దిన సంచి

అన్నయ్య కొండ మీద తప్పిపోయిన రోజున అతని సంచి ఇంట్లోనే, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఇరవై ఏళ్లు జనాన్ని కొండ ఎక్కించినవాడు. ఎవరి సంచినైనా తను తడిమి చూడనిదే అడుగు కదపనిచ్చేవాడు కాదు. ఆ ఉదయం మాత్రం, "వాన పడింది కదా, దారి ఎలా ఉందో చూసి గంటలో వచ్చేస్తా" అని ఉత్త చేతులతో వెళ్లాడు. పొగమంచు దిగింది. మూడో రోజున దొరికాడు, ప్రాణం లేకుండా.

రెండేళ్లయింది. ఈ ఆదివారం మధ్యాహ్నం అతని కూతురు ఆ సంచిని దించి నా మంచం మీద పెట్టింది. వచ్చే వారం స్నేహితులతో అదే కొండకు వెళ్తానంటోంది. "నువ్వే చెప్పు" అని వదిన ఆ భారం నా మీద వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు వద్దనాలనే ఉంది.

"కళ్లకు గంతలు కట్టత్తా."

"ఇదేం ఆటే?"

"ఆట కాదు. పొగమంచులో కళ్లు పనికిరావు, చెయ్యే వెతుక్కోవాలి అనేవాడు నాన్న. నీకు చెప్పలేదా?"

"నాకేం చెప్తాడు! నేను ఎక్కితే కొండ కుంగుతుందనేవాడు."

"అది నిజమేగా!"

స్కార్ఫు కాస్త గట్టిగానే బిగించాను. సంచిలో ఉన్నవన్నీ తీసి మంచం మీద పోసి, తడుముకుంటూ మళ్లీ సర్దడం మొదలుపెట్టింది.

"వానకోటు అన్నిటికన్నా పైన. ఎడమ జేబులో టార్చి, వేరే బ్యాటరీలు. కుడి జేబులో కట్లు, మందులు. ఈల మాత్రం లోపల పెట్టకూడదు, భుజం పట్టీకే ఉండాలి. కాలు విరిగి పడ్డవాడు సంచేం విప్పుతాడు?"

ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతూ పిల్లల చేతులు చూస్తున్నాను. ఇంత నిశ్చయంగా కదిలిన చేతుల్ని చూడలేదు.

చివరికి అగ్గిపెట్టెంత మడత ఒకటి చేతికి తగిలింది. "పాతబడితే చిరుగుతుంది, చూడాలి" అంటూ విప్పింది. ఉల్లిపొరలాంటి వెండిరంగు దుప్పటి. మడత వెనక మడత విచ్చుకుని మంచమంతా పరుచుకుంది, నేల మీదికి జారింది. కిటికీలోంచి ఎండ దాని మీద పడి గోడలు, పైకప్పు, గంతలు కట్టిన ఆ చిన్న మొహం, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు వెలుగుతో కదిలాయి.

"ఇలా దగ్గరికి రా అత్తా."

దుప్పటిని తడిమి తీసి నా భుజాల చుట్టూ కప్పింది. కాసేపటికి ఒళ్లు వెచ్చబడింది.

"ఆ వేడి దానిది కాదత్తా, నీదే. బయటికి పోనివ్వదంతే."

నాలో అంత వేడి ఉందని నాకు తెలియదు.

"నాన్న చేసిన తప్పు నేను చెయ్యను. పక్కకి నీళ్లకెళ్లినా సంచి వీపునే ఉంటుంది" అంది మెల్లగా.

అది తప్పని ఈ రెండేళ్లలో మా ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు.

దుప్పటిని మళ్లీ అగ్గిపెట్టెంత చెయ్యడం మా ఇద్దరి వల్లా కాలేదు. ఎంత మడిచినా తలగడంత దగ్గర ఆగిపోయింది. నవ్వుకున్నాం. దాన్ని అలాగే సంచిలో కుక్కింది.

వద్దనాలన్న కోరిక నాలో ఇప్పుడు లేదు. వెళ్లమని మాత్రం ఇంకా చెప్పలేదు.